చూసిన నగరం, రాసిన నగరం: ఠాగూర్, గాంధీల విద్యార్థి దశలో లండన్–పారిస్ దర్శనం, రంగస్థలానుభవం

వ్యాస సంగ్రహం

పంతొమ్మిదో శతాబ్ది చివరి పాదంలో ఇంగ్లండుకు చదువుకోసం వెళ్లిన ఇద్దరు భారతీయ విద్యార్థులు రవీంద్రనాథ్ ఠాగూర్, మోహన్‌దాస్ గాంధీ. ఇద్దరూ పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలను చూశారు, లండన్‌లో నివసించారు, తర్వాతి కాలంలో ఆ అనుభవాలను తమ భాషల్లో రాశారు. వారి నగర సందర్శనం, సంగీత నాటక ప్రదర్శనల అనుభవం విద్యలో భాగమైన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చూసిన కాలం, రాసిన కాలం, సవరించిన కాలం అనే మూడు పొరలను విడదీయకుండా ఆత్మకథలనూ యాత్రాలేఖలనూ సాక్ష్యంగా స్వీకరిస్తే వచ్చే చిక్కులను చర్చిస్తుంది. తెలుగులో ‘బారిష్టర్ పార్వతీశం’ ఇదే వస్తువును హాస్యదృష్టితో తిరగవేసిన వైనాన్ని తులనాత్మకంగా సూచిస్తుంది.

కీలక పదాలు: యాత్రాసాహిత్యం, ఆత్మకథ, విద్యార్థి యాత్రికుడు, లండన్, పారిస్, రంగస్థలం, జ్ఞాపకం.

1. ఉపోద్ఘాతం

తెలుగు యాత్రాసాహిత్య చర్చ ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’తో మొదలవడం ఆనవాయితీ. 1830–31లో చేసిన ఆ యాత్ర 1838లో గ్రంథరూపం పొందింది. వీరాస్వామయ్య చూపు గృహస్థుడి చూపు, యాత్రాఫలాన్ని ఆశించిన భక్తుడి చూపు, లోకవ్యవహారం తెలిసిన ఉద్యోగి చూపు. విద్యార్థి యాత్రికుడు ఈ మూడు వర్గాల్లో దేనికీ చెందడు. అతను ఒకే ఊళ్లో నెలలు, సంవత్సరాలు ఉంటాడు. చేతిలో డబ్బు తక్కువ. ఆ డబ్బు కూడా ఇంటివారిది. పట్టా సంపాదించి తిరిగి రావాలన్న షరతు మీద అది అందుతుంది. కాబట్టి అతను ఊరు చూడడానికి వెచ్చించే ప్రతి పూట, నాటకశాలలో గడిపే ప్రతి సాయంత్రం ఇంటికి లెక్క చెప్పవలసిన కాలమే.

ఈ లెక్క చెప్పుకోవడం నుంచే విద్యార్థి యాత్రారచనకు ప్రత్యేకమైన స్వరం ఏర్పడుతుంది. చూసిన దానిని వర్ణించడంతోపాటు, ఎందుకు చూశానో సమర్థించుకోవడం అందులో అంతర్లీనంగా ఉంటుంది. ఠాగూర్ 1878–80 మధ్య ఇంగ్లండులో ఉండి ఏ పట్టా లేకుండా తిరిగి వచ్చారు. గాంధీ 1888–91 మధ్య ఉండి న్యాయవాదిగా అర్హత పొంది వచ్చారు. ఒకరి ప్రవాసాన్ని విఫలమనీ మరొకరి ప్రవాసాన్ని సఫలమనీ తేల్చడం తేలిక. వారి రచనలను పక్కపక్కన పెట్టి చదివితే ఆ తీర్పు నిలవదని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ఆధార గ్రంథాలు: మూడు కాలాల పొరలు

ఠాగూర్ తొలి ప్రవాసానికి రెండు ప్రధాన ఆధారాలున్నాయి. మొదటిది ‘యూరప్ ప్రవాసీర్ పత్ర’. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో రాసిన ఈ లేఖలు ‘భారతి’ పత్రికలో వెలువడి, 1881లో పుస్తకమయ్యాయి. రెండవది 1912లో పుస్తకంగా వచ్చిన ‘జీవనస్మృతి’. రెంటి నడుమ మూడు దశాబ్దాల దూరం ఉంది. స్మృతిగ్రంథం రాసిన ఠాగూర్ తన పాత లేఖలను మెచ్చుకోలేదు. వాటిలోని దూకుడును బాల్యచాపల్యంగా భావించి నొచ్చుకున్నారు. 1936లో ‘పాశ్చాత్య భ్రమణ్’ పేరుతో ఆ లేఖలను మళ్లీ ప్రకటించినప్పుడు కొంత భాగాన్ని తొలగించారు కూడా. అంటే ఒకే అనుభవానికి చూసిన విద్యార్థి, స్మరించిన మధ్యవయస్కుడు, కత్తిరించిన వృద్ధుడు అనే ముగ్గురు సాక్షులు ఉన్నారు.

గాంధీ విషయంలో ‘సత్యశోధన’ ప్రధానాధారం. 1925 నుంచి ‘నవజీవన్’ పత్రికలో ధారావాహికగా వచ్చిన ఈ ఆత్మకథ లండన్ రోజులకు మూడున్నర దశాబ్దాల తర్వాతి రచన. తెలుగులో దీనికి ఒకటికి మించిన అనువాదాలున్నాయి. ఈ గ్రంథంలో పారిస్ ప్రదర్శన 1890లో జరిగినట్టు ఉంది. ఐఫెల్ గోపురం కేంద్రంగా ఆ ప్రదర్శన జరిగింది 1889లో. ఇది చిన్న పొరపాటే. అయినా ఆత్మకథను దినచర్యగా చదవకూడదనడానికి ఇంతకంటే స్పష్టమైన హెచ్చరిక అక్కర్లేదు. దృశ్యం మనసులో నిలిచింది, సంవత్సరం జారిపోయింది. జ్ఞాపకం దేన్ని పట్టుకుంటుందో, దేన్ని వదులుతుందో గమనించడం పరిశోధకుడి పని.

భాష కూడా పరిగణించదగిన అంశమే. ‘యూరప్ ప్రవాసీర్ పత్ర’ చలిత భాషలో, అంటే వాడుక బెంగాలీలో వచ్చిన తొలినాటి పుస్తకాల్లో ముఖ్యమైనది. వీరాస్వామయ్య గ్రంథం కూడా ఆనాటి వ్యవహారానికి దగ్గరగా సాగిన వచనమేనని తెలుగు పాఠకులకు తెలుసు. ఇంటివారికీ మిత్రులకూ కొత్త వస్తువులను, కొత్త అలవాట్లను వివరించవలసి వచ్చినప్పుడు గ్రాంథికం చాలదు. వాడుకభాష వచనంలోకి ప్రవేశించిన దారుల్లో యాత్రాలేఖ ఒకటి.

3. రెండు ప్రదర్శనలు, ఒకే నగరం

1878 సెప్టెంబరు 20న ‘పూనా’ అనే ఓడలో బొంబాయి విడిచిన ఠాగూర్, అన్న సత్యేంద్రనాథ్‌తో కలిసి సూయజ్, అలెగ్జాండ్రియా, బ్రిండిసి మీదుగా పారిస్ చేరారు. అప్పుడు అక్కడ అంతర్జాతీయ ప్రదర్శన జరుగుతోంది. దాని గురించి ఆయన రాసింది చాలా తక్కువ. రాయకపోవడానికి చెప్పిన కారణమే ఆసక్తికరమైనది. కలకత్తా విశ్వవిద్యాలయంలో చదువు నేర్చినట్టే తాను ఆ ప్రదర్శననూ చూశాననీ, అన్నీ కంటబడ్డాయి గాని ఏదీ సరిగా చూడలేదనీ ఆయన భావం. పైకి చమత్కారంగా కనిపించే ఈ పోలికలో విద్యావిధానంపై గట్టి విమర్శ ఉంది. పాఠ్యప్రణాళిక ప్రకారం అన్నిటినీ ముట్టుకుంటూ పోవడం, దేనిలోనూ లోతుకు దిగకపోవడం అనేవి పర్యాటకుడికీ పరీక్షార్థికీ ఉమ్మడి దోషాలు. పదిహేడేళ్ల కుర్రవాడు ఈ రెండింటినీ ఒకే తాటికి కట్టగలిగాడు. శాంతినికేతన విద్యాలయానికి మూలమైన అసంతృప్తి జాడ ఈ ఒక్క పోలికలోనే కనిపిస్తుంది.

పదకొండేళ్ల తర్వాతి ప్రదర్శనకు లండన్ నుంచి వెళ్లిన గాంధీ పద్ధతి వేరు. ఏడు రోజులు ఉన్నారు. శాకాహార భోజనశాల ఉన్న చోట గది తీసుకున్నారు. పారిస్ పటం, ప్రదర్శన పటం, మార్గదర్శి పుస్తకం దగ్గర పెట్టుకుని, వీలైనంత వరకు నడిచే తిరిగారు. ఠాగూర్ వర్ణించిన తొందరపాటుకు ఇది విరుగుడు వంటి క్రమశిక్షణ. అంతటి పొదుపరి కూడా ఐఫెల్ గోపురం రెండు మూడుసార్లు ఎక్కి, అంత ఎత్తున భోంచేశానని చెప్పుకోవడం కోసం మొదటి అంతస్తు భోజనశాలలో ఏడు షిల్లింగులు ఖర్చుచేశారు. లండన్‌లో పొదుపు ముదిరిన దశలో ఆయన రోజు భోజన వ్యయం ఒక షిల్లింగు మూడు పెన్నీలు. ఆ లెక్కన గోపురం మీది ఒక్క పూట ఖరీదు అయిదు రోజులకు పైబడిన తిండి. ఈ మొత్తాన్ని మూడున్నర దశాబ్దాల తర్వాత కూడా గుర్తుంచుకుని ఆత్మకథలో నమోదు చేయడం గమనార్హం. ప్రదర్శన జరిగిన సంవత్సరం తప్పింది గాని ఖర్చయిన షిల్లింగులు తప్పలేదు.

ఐఫెల్ గోపురం గురించి గాంధీ ఇచ్చిన తీర్పు ప్రతికూలమైనది. దానిలో కళ లేదని, ప్రదర్శనకు అది ఒక ఆటబొమ్మ వంటిదని, మనుషులు బొమ్మలకు ఆకర్షితులయ్యే పిల్లల వంటివారనడానికి అది నిదర్శనమని ఆయన అభిప్రాయం. ఈ సందర్భంలోనే గోపురాన్ని గర్హించిన టాల్‌స్టాయ్‌ని స్మరించారు. ఇక్కడ కాలపు పొరలు విడదీయడం అవసరం. గాంధీ మీద టాల్‌స్టాయ్ గాఢమైన ముద్ర పడింది దక్షిణాఫ్రికాలో, 1894 ప్రాంతంలో. గోపురాన్ని పదేపదే ఎక్కిన ఇరవయ్యేళ్ల విద్యార్థి ఉత్సాహం ఒక పొర. యంత్రనాగరికతను నిరసించిన ‘హింద్ స్వరాజ్’ కర్త తీర్పు మరో పొర. ఆత్మకథలోని ఒకే అధ్యాయంలో ఇవి రెండూ కలిసిపోయి ఉన్నాయి. రెండో పొరను మాత్రమే ఉదహరించి, గాంధీ విద్యార్థి దశలోనే ఆధునికతను తిరస్కరించారని నిర్ధారించడం సమంజసం కాదు.

అదే అధ్యాయంలో నోత్రదామ్ ఆలయ ప్రస్తావన ఉంది. వీధుల్లోని విలాసానికీ ఆలయంలోని ప్రశాంతతకూ ఉన్న భేదాన్ని గాంధీ ప్రత్యేకంగా గుర్తించారు. కన్య మేరీ ప్రతిమ ముందు మోకరిల్లినవారు చలువరాతిని పూజించడం లేదని, ఆ రాయి సంకేతించే దైవత్వాన్ని పూజిస్తున్నారని ఆయనకు తోచింది. విగ్రహారాధనను మూఢాచారంగా చిత్రించే క్రైస్తవ ప్రచారాన్ని బాల్యంలో రాజ్‌కోట వీధుల్లో విని నొచ్చుకున్న గాంధీకి, ఒక క్రైస్తవ దేవాలయంలోనే విగ్రహారాధనకు సమర్థన దొరికింది. చారిత్రక కట్టడాన్ని చూడడం వల్ల ఒక విద్యార్థి పొందగలిగిన ఫలం ఇది. ఏ న్యాయశాస్త్ర గ్రంథమూ దీన్ని ఇవ్వలేదు.

4. ఊహాలండన్, వాస్తవ లండన్

ఇంగ్లండు వెళ్లకముందు ఠాగూర్ మనసులో ఒక నగరం ఉంది. ఆ చిన్న ద్వీపమంతా గ్లాడ్‌స్టన్ వాగ్ధాటితో, మాక్స్ ముల్లర్ వేదవ్యాఖ్యతో, టిండాల్ విజ్ఞానంతో, కార్లైల్ చింతనతో మారుమోగుతూ ఉంటుందని ఆశించినట్టు లేఖల్లో తనను తానే ఎగతాళి చేసుకున్నారు. తీరా చూస్తే పొగ, మంచు, వాన, పరుగులు తీసే జనం. వీధివీధికీ మద్యం దుకాణాలున్నాయి గాని పుస్తకాల దుకాణాలు అరుదు. వలస పాలనలో ఆంగ్లవిద్య నేర్చిన ప్రతి విద్యార్థీ ఇటువంటి ఊహానగరాన్ని మోసుకునే ఓడ ఎక్కాడు. పాఠ్యపుస్తకం నిర్మించిన ఇంగ్లండుకూ కళ్లెదుట ఉన్న ఇంగ్లండుకూ పొంతన కుదరకపోవడమే అతని తొలి పాఠం.

పార్లమెంటు సందర్శన ఈ పాఠానికి పరాకాష్ఠ. గ్లాడ్‌స్టన్, జాన్ బ్రైట్ వంటి వక్తల పట్ల ఠాగూర్‌కు గౌరవం తగ్గలేదు. అయితే సభలోని కేకలు, వెక్కిరింతలు, ఐరిష్ సభ్యులు మాట్లాడేటప్పుడు మిగిలినవారు చూపిన నిర్లక్ష్యం ఆయనను ఆశ్చర్యపరిచాయి. తన దేశాన్ని పాలిస్తున్న సభను ఒక పాలిత ప్రజ ప్రేక్షకుల గ్యాలరీలో కూర్చుని చూడడం సాధారణ పర్యాటక చర్య కాదు. అక్కడ సభే రంగస్థలమైంది, పాలితుడే విమర్శకుడయ్యాడు. సామ్రాజ్యపు వైభవం దూరం నుంచే కనిపిస్తుందని, దగ్గరకు వెళ్తే మామూలు మనుషులే ఎదురవుతారని గ్రహించడం రాజకీయ విద్యే.

లేఖల్లోని అన్ని తీర్పులూ ఇంత నిలకడైనవి కావు. ఇంగ్లండులో దొరతనం నటించే బెంగాలీలపై ఆయన వ్యంగ్యం కొన్నిచోట్ల మితిమీరింది. అక్కడి స్త్రీలు సమాజంలో స్వేచ్ఛగా మెలగడాన్ని ప్రశంసించినప్పుడు, ‘భారతి’ సంపాదకుడైన పెద్దన్న ద్విజేంద్రనాథ్ పత్రికలోనే విభేదిస్తూ వ్యాఖ్యలు చేర్చారు. ఒక విద్యార్థి యాత్రాలేఖ కుటుంబంలోనూ పత్రికలోనూ సామాజిక వివాదంగా పరిణమించింది. ఊరు చూడడం అమాయకమైన వినోదం కాదనడానికి ఇదొక నిదర్శనం.

తరగతి గదిని ఠాగూర్ పూర్తిగా తోసిపుచ్చారనుకోవడమూ సరికాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో హెన్రీ మోర్లీ చెప్పిన ఆంగ్లసాహిత్య పాఠాలను ‘జీవనస్మృతి’ ప్రేమతో తలచుకుంటుంది. గురువు కంఠంలో సాహిత్యం సజీవమైందన్నది ఆయన అనుభవం. పాఠం కూడా శ్రవ్యకళగా అందినప్పుడే ఆయన మనసుకు పట్టింది. నగరంలో ఆయన వెతుక్కున్నది కూడా అటువంటి సజీవతనే.

5. సంగీతసభ నుంచి నాటకశాల వరకు

బ్రైటన్‌లో ఒక ప్రసిద్ధ గాయని కచేరీకి వెళ్లిన సంగతి ‘జీవనస్మృతి’లో ఉంది. ఆమె పేరు ఆయనకు సరిగా గుర్తులేదు. నీల్సన్ కావచ్చు, అల్బానీ కావచ్చు అన్నారు. కంఠం మీద ఆమె అధికారం విస్మయం కలిగించింది. పక్షికూతల అనుకరణ మాత్రం నవ్వు తెప్పించింది. క్రమంగా వినగా వినగా ఐరోపా సంగీతపు రుచి తెలిసినా, రెండు సంగీతాలూ హృదయంలోకి వేర్వేరు ద్వారాల గుండా ప్రవేశిస్తాయన్న అభిప్రాయానికి వచ్చారు. బాల్యంలో టామస్ మూర్ ‘ఐరిష్ మెలడీస్’ సచిత్ర ప్రతిని చూసి మనసులో ఊహించుకున్న బాణీలకూ, ఇంగ్లండులో విన్న బాణీలకూ పొత్తు కుదరలేదని కూడా రాశారు. ఊహాలండన్‌కు పట్టిన గతే ఊహాసంగీతానికీ పట్టింది.

అయితే ఈ నిరాశ నిష్ఫలం కాలేదు. తిరిగి వచ్చిన మరుసటి సంవత్సరమే, 1881 ఫిబ్రవరిలో, జొరాసాంకో ఇంట్లో ‘వాల్మీకి ప్రతిభ’ గేయనాటకం ప్రదర్శితమైంది. ఠాగూర్ వాల్మీకి పాత్ర ధరించారు, అన్నకూతురు ప్రతిభ సరస్వతి అయింది. దొంగల తాగుడు పాటలకు ఆంగ్ల బాణీలు, వనదేవత విలాపానికి ఐరిష్ బాణీ వాడారు. హెర్బర్ట్ స్పెన్సర్ సంగీతోత్పత్తిపై రాసిన వ్యాసం కూడా ఈ ప్రయోగానికి ప్రేరణనిచ్చింది. భావోద్వేగం పెరిగినకొద్దీ మాట సహజంగానే పాట వైపు మొగ్గుతుందన్న ఆ సిద్ధాంతాన్ని నాటకానికి అన్వయించారు. పట్టా తేని విద్యార్థి తెచ్చిన సరుకు ఇది. విన్నదాన్ని అనుకరించకుండా, ఆదికవి పుట్టుకను చెప్పే మన కథకు దాన్ని ఒదిగించడంలో ఆయన వివేకం కనిపిస్తుంది.

నాటకశాల విషయంలో కాలాన్ని జాగ్రత్తగా గుర్తించాలి. లైసియంలో హెన్రీ ఇర్వింగ్ నటించిన ‘బ్రైడ్ ఆఫ్ లామర్‌మూర్’ నాటకాన్ని ఠాగూర్ చూసింది 1890 నాటి రెండో ప్రయాణంలో. అప్పటికి ఆయన విద్యార్థి కారు. ఆ యాత్ర వివరాలు ‘యూరప్ యాత్రీర్ డైరీ’లో ఉన్నాయి. సవాయ్ నాటకశాలలో ‘గాండోలియర్స్’ గేయనాటకంలోని వెలుగులు, రంగులు, నృత్యం, హాస్యం చూసి ముగ్ధులయ్యారు. ఇర్వింగ్ నటన మాత్రం ఆయన మనసులో వేరే ప్రశ్న రేపింది. 1912లో రాసిన ‘అంతర్ బాహిర్’ వ్యాసంలో, ఇర్వింగ్ ప్రచండమైన అభినయం తనను దిగ్భ్రాంతుణ్ణి చేసిందని, అంతటి అసంయమం నాటకాంతరంగంలోకి ప్రవేశించడానికి అడ్డువస్తుందని విమర్శించారు. 1902 నాటి ‘రంగమంచ’ వ్యాసంలో చిత్రించిన తెరలు, వాస్తవిక దృశ్యాలంకరణ ప్రేక్షకుడి ఊహను అవమానిస్తాయని వాదించారు. దుష్యంతుడి రథవేగం చూపడానికి రథం అక్కర్లేదు, నటుడి అభినయమూ సహృదయుడి ఊహా చాలునన్నది ఆ వాదసారం.

ఆనాటి తెలుగు రంగస్థలం చిత్రిత తెరల వైభవాన్ని ఆదరిస్తున్న కాలం అది. లండన్ అట్టహాసాన్ని కళ్లారా చూసినవాడు మన యక్షగానాలను పోలిన జాత్రా సరళతను సమర్థించడం, చూడనివారు ఆ అట్టహాసం కోసం తహతహలాడడం వలసకాలపు సాంస్కృతిక వైచిత్రి. దగ్గరగా చూసినందువల్ల మోజు పుట్టడమే కాదు, మోజు తీరడమూ ఉంటుంది.

6. అద్దం ముందు నటుడు

గాంధీ ఆత్మకథలోని నాటకానుభవం లండన్‌కు ముందటిది. రాజ్‌కోటలో ఒక నాటక సమాజం ఆడిన హరిశ్చంద్ర నాటకం చూసి, దాన్ని లెక్కలేనన్నిసార్లు మనసులో తానే ఆడుకున్నట్టు రాశారు. లండన్ అధ్యాయాల్లో ఆయన ప్రేక్షకుడిగా కంటే నటుడిగా ఎక్కువగా కనిపిస్తారు. పంతొమ్మిది షిల్లింగుల టోపీ, బాండ్ వీధిలో పది పౌండ్లకు కుట్టించిన సాయంకాలపు దుస్తులు, రెండు పేటల బంగారు గొలుసు, టై సర్దుకోవడానికి నిలువుటద్దం ముందు గడిపిన సమయం అన్నీ ఆహార్యమే. మూడు పౌండ్లు కట్టి నేర్చుకోబోయిన నృత్యం ఆంగికం, ఒక గినీ కట్టి మొదలుపెట్టిన వక్తృత్వ శిక్షణ వాచికం. నాట్యశాస్త్రం చెప్పిన చతుర్విధాభినయంలో మూడింటిని ఆయన సమకూర్చుకోజూశారు. నాలుగోదైన సాత్వికం ఆ వేషంలో కుదరలేదు. మూడు నెలల్లో వేషం చాలించారు. లయ పట్టుబడక నృత్యం మానడం, వయొలిన్ అమ్మేయడం పరాజయాలుగా కాక మేల్కొలుపుగా ఆత్మకథలో స్థానం పొందాయి.

అయితే ఇక్కడా రెండు పొరలున్నాయి. దుస్తుల పట్ల శ్రద్ధ ఆ తర్వాతా ఏళ్లపాటు కొనసాగిందని గాంధీయే ఒప్పుకున్నారు. వేషం ప్రభావమెంతటిదో తెలిసినందువల్లనే తర్వాతి కాలంలో కొల్లాయిని అంత అర్థవంతంగా ధరించగలిగారని భావించవచ్చు. లండన్‌లో నేర్చిన ఆహార్యపాఠాన్ని ఆయన మరచిపోలేదు, దిశ మార్చారు.

7. తెలుగు ప్రతిరూపం

మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ మూడు భాగాల నవల. మొగల్తూరు కుర్రవాడు మద్రాసు, కొలంబోల మీదుగా సముద్రాలు దాటి చారిత్రక నగరమైన ఎడింబరో చేరతాడు. ఠాగూర్, గాంధీలు రాసినవి స్వానుభవాలు, ఇది కల్పన. కాబట్టి వీటిని ఒకే ప్రమాణంతో కొలవలేం. అయినా దృష్టికోణంలోని భేదం చర్చించదగినది. స్వానుభవ రచనల్లో విద్యార్థి నగరాన్ని చూస్తాడు. పార్వతీశం కథలో నగరం విద్యార్థిని చూసి విస్తుపోతుంది, అతను తనకు తెలియకుండానే వింతవస్తువవుతాడు. గాంధీ అద్దం ముందు ఒంటరిగా ఆడిన నాటకాన్ని పార్వతీశం నలుగురి నడుమ ఆడతాడు. ఆ నవ్వులో తెలివితక్కువతనం కంటే నిష్కాపట్యం ఎక్కువ. వలస విద్యార్థి మనసులోని సిగ్గును దాచకుండా నవ్వుగా మార్చడం తెలుగు హాస్యం సాధించిన విజయం.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, విదేశీ విద్యార్థి నగరదర్శనం అతని చదువుకు అడ్డు కాదు, చదువును ప్రశ్నించే మరో చదువు. ప్రదర్శనను విశ్వవిద్యాలయంతో పోల్చిన ఠాగూర్, నోత్రదామ్‌లో విగ్రహారాధన అర్థం గ్రహించిన గాంధీ అందుకు సాక్షులు. రెండవది, ఆ చదువు ఫలం వెంటనే కనిపించదు. ఐరిష్ బాణీ ‘వాల్మీకి ప్రతిభ’లో ఒదగడానికి ఏడాది పట్టింది. లైసియం అనుభవం సిద్ధాంతరూపం ధరించడానికి పన్నెండేళ్లు, ఐఫెల్ గోపురం మీది విమర్శ ఆత్మకథలోకి ఎక్కడానికి మూడున్నర దశాబ్దాలు పట్టాయి. మూడవది, ఇటువంటి రచనలను పరిశోధనకు ఆధారంగా తీసుకునేటప్పుడు ప్రతి వాక్యం ఏ కాలానికి చెందినదో నిర్ణయించుకోవాలి. లేదంటే యాభై ఏళ్ల వివేకాన్ని ఇరవై ఏళ్ల విద్యార్థికి అంటగట్టి, అతని ఉత్సాహాన్నీ తడబాటునూ చెరిపేసినవారమవుతాం.

నేడు తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో విదేశీ విశ్వవిద్యాలయాలకు వెళ్తున్నారు. అప్పుల భారం, ఉద్యోగపు ఆతురత వారి చూపును ఇరుకు చేసే అవకాశం ఉంది. వారి లేఖలు, దినచర్యలు, జ్ఞాపకాలు రేపటి యాత్రాసాహిత్యానికి ముడిసరుకు. వాటిని సేకరించి, కాలక్రమంతో భద్రపరచి, విద్యాచరిత్రలో భాగంగా అధ్యయనం చేయవలసిన బాధ్యత తెలుగు శాఖల మీద ఉంది. పట్టాల జాబితా ఒక తరం ఏం చదివిందో చెబుతుంది. ఆ తరం ఏం చూసిందో, ఏం విన్నదో చెప్పేది ఈ రచనలే.